ఆకాశమున కొలువు – నేలపై నిలువ

వరంగల్లు నుండి ఖమ్మము పోవు త్రోవలో మరిపెడ తగులును. చుట్టుపట్ల జనులు దానిని మరిపెడ బంగ్లా అనియే వ్యవహరింతురు. పత్తియు, మిరపయు, వరియు పండించు రైతులు బస్సుల కొరకు నిలుచు ఆ కూడలిలో, ఒకనాటి సాయంకాలము, మాకు ఒక వృద్ధ కృషీవలునితో ముచ్చటించు సందర్భము కలిగినది. ఆయన మనుమడు విమానము నడుపు విద్య నేర్చి, ఒక విమాన సంస్థలో కొలువునకు చేరనున్నాడు. ఊరివారెల్లరు ఆ యువకుని మెచ్చుకొనుచుండగా తాత మాత్రము ఒక సందేహము వెలిబుచ్చెను.

"గాలిల కొలువు మంచిదే సారు, నేను కాదంటలేను. జీతం గూడ బాగనే ఇస్తరట. గని కన్ను మసకైనంక, గుండె జర తేడా జేసినంక కిందికి దింపుతరు గద! దిగినంక మా పోరనికి గాదెల గింజ ఉంటదా?"

మనుమడు నవ్వి, "పీఎఫ్ ఉంటది తాతా. దవాఖాన ఖర్చు కంపెనీయే ఇస్తది" అనెను.

"కంపెనీ ఉంటే ఇస్తది బిడ్డా. కంపెనీయే మునిగితే?"

ఈ రెండవ ప్రశ్న మా మనస్సున నాటుకొన్నది. పంట చేతికి రాని యేడు ఎట్లుండునో ఎరిగినవాడు గనుకనే ఆ పెద్దమనిషి అట్లు అడుగగలిగెను. విమాన చోదకుని వార్ధక్యమునకును, ఆరోగ్యమునకును యజమాని చేయు నిలువ ఎట్లు పుట్టినది, ఎట్లు మారినది, ఎక్కడ నిలిచినది, ఎక్కడ గండి పడినది అను విషయమును చరిత్ర క్రమమున విచారించుటయే నేటి మా ప్రసంగము.

నిలువ చేయుట మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. నేటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దిలో నిర్మింపజేసెనని అచటి శాసనము తెలుపుచున్నది. వాన కురిసిన నాలుగు నెలల నీటిని కురియని ఎనిమిది నెలలకు దాచుటయే చెరువు పని. అట్టి చెరువునకు ముఖ్యాంగములు మూడు. నీరు జారిపోకుండ అడ్డు నిలుచునది కట్ట. పొలమునకు కావలసినంత మాత్రమే విడుచునది తూము. నిండిన పిదప మిగులును దిగువకు పంపునది అలుగు. చెరువును త్రవ్వించి కాపాడిన వానికి దశబంధమను పేర మాన్యము నిచ్చు ఆచారము తెలుగునాట తరతరాలుగా నుండెను. ఆ పేరులోనే పదవపాలు అను భావము ఇమిడియున్నది. వచ్చినదానిలో ఒక పాలును రేపటి భద్రతకు వేరుచేయవలెనను ఆలోచన మన పూర్వులకు సుపరిచితము. భవిష్యనిధియనిన, అనగా మనము నిత్యము పీఎఫ్ అనుచున్న ప్రావిడెంట్ ఫండనిన, జీతపు చెరువే. ఈ ఉపమానమును శ్రోతలు మనస్సున నుంచుకొనిన పక్షమున ముందు చెప్పబోవునది సులభముగా బోధపడును.

బ్రిటిషు ఇండియాలో ప్రభుత్వోద్యోగుల భవిష్యనిధిని గూర్చి 1897లో ఒక చట్టము వచ్చినది. దాని స్థానమున 1925లో ప్రావిడెంట్ ఫండ్స్ చట్టము వెలసినది. ఈ 1925 చట్టములోని ప్రధాన సూత్రము చిన్నదైనను మిక్కిలి బలమైనది. ఉద్యోగి పేర నిర్బంధముగా జమయైన సొమ్మును అతడు ఇతరులకు తాకట్టు పెట్టజాలడు. ఋణదాత న్యాయస్థానమునుండి డిక్రీ తెచ్చినను దానిని జప్తు చేయజాలడు. ఇదియే కట్ట. ఉద్యోగి అక్కరయో, అప్పులవాని ఆగ్రహమో ఆ సొమ్మును తెంచుకొనిపోకుండ చట్టము అడ్డు నిలిచినది. ఆనాటి హైదరాబాదు రాజ్యమున పదవీ విరమణానంతరము ఇచ్చు ఉపకార వేతనమును వజీఫా అనెడివారు. అది ప్రభువు ఇచ్చునది. భవిష్యనిధి ఉద్యోగి కూడబెట్టుకొన్నది. ఈ భేదము ముందు ముందు మనకు ఎంతయో అవసరపడును.

ఇక విమానముల ముచ్చట. 1945లో నిజాము ప్రభుత్వమును, టాటాల విమాన సంస్థయు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అను కంపెనీని నెలకొల్పినవి. బేగంపేట దానికి కేంద్రము. యుద్ధానంతరము మిగిలిన డకోటా విమానములు దాని వాహనములు. భారతదేశమున వాణిజ్య విమానము నడిపిన తొలి మహిళగా ప్రసిద్ధి గాంచిన ప్రేమ్ మాథుర్ ఈ హైదరాబాదు కంపెనీలోనే చోదకురాలిగా పనిచేసెను. 1949లో జాతీయ విమాన పందెమున ఆమె విజయము పొందెను. అట్టి కీర్తి గల కొలువు అది. కాని ఆ కొలువులోనివారి వార్ధక్యమునకు ఆనాడు దేశ శాసనములో ఏ అండ యుండెను?

దీనికి సమాధానము 1952లో చూడవలెను. 1951 నవంబరు 15వ తేదీన ఆర్డినెన్సుగా పుట్టి, 1952 మార్చిలో చట్టమైన ఉద్యోగుల భవిష్యనిధి శాసనము తొలుత ఆరు పరిశ్రమలకే వర్తించెను: సిమెంటు, సిగరెట్లు, యంత్ర నిర్మాణము, ఇనుము ఉక్కు, కాగితము, వస్త్రము. నెలకు 300 రూపాయలకు మించి వేతనము పొందువారు దాని పరిధిలోనికి రారు. కార్మికుడు తన వేతనమున నూటికి ఆరుంబాతిక వంతు వేయవలెను; యజమాని అంతయే కలుపవలెను. ఆరుంబాతిక వంతు అనగా రూపాయికి సరిగా ఒక అణా. నూరు రూపాయల జీతగాని పేర నెలకు అతనివి 6 రూపాయల 4 అణాలు, యజమానివి 6 రూపాయల 4 అణాలు, వెరసి 12 రూపాయల 8 అణాలు జమ యగును. అణా లెక్క గనుక చదువురాని కార్మికునికి సైతము అది నోటికి వచ్చిన లెక్కయే.

ఇందలి విచిత్రమును గమనింపుడు. వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు వంటి చోట్ల మగ్గము ముందు నిలుచు నేతపనివాని తరగతిని ఈ చట్టము ముందుగా తలచుకొన్నది. ఆ మిల్లు మీదుగా ఎగిరిపోవు విమానమును నడుపువానిని తలచుకొనలేదు. విమానయానము ఆ ఆరింటిలో లేదు. పెద్ద వేతనము పొందువాడు పరిమితికి వెలుపలివాడు. చట్టము చేసినవారి దృష్టిలో పెద్ద జీతగాడు తన్ను తాను చూచుకొనగలడు. కావున చోదకునికి దిక్కు అతని కంపెనీ వ్రాసికొన్న నియమములును, వానిని నిలువబెట్టుకొనగల కంపెనీ శక్తియుమాత్రమే.

ఆ కంపెనీల శక్తియో అంతంతమాత్రము. యుద్ధము ముగిసిన పిదప పుట్టగొడుగులవలె పుట్టిన విమాన సంస్థలు ప్రయాణికులు చాలక నష్టముల పాలైనవి. 1953లో పార్లమెంటు ఎయిర్ కార్పొరేషన్ల చట్టమును చేసినది. ఆ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థల దేశీయ సర్వీసులు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌గా ఏర్పడినవి. విదేశ యానము ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు దక్కినది. అంతవరకు కంపెనీ చోదకులైనవారు తెల్లవారుసరికి జాతి చోదకులైరి.

మన విచారణకు ఈ చట్టములోని 20వ విభాగము ముఖ్యము. 1952 జూలై 1వ తేదీకి పూర్వము కొలువున చేరి, మార్పిడి దినమువరకు కొనసాగిన ప్రతి ఉద్యోగియు అదే పదవీకాలముతో, అదే వేతనముతో, పింఛను గ్రాట్యుటీ మున్నగు విషయములలో అవే హక్కులతో క్రొత్త కార్పొరేషను ఉద్యోగి యగునని అందు నిర్దేశించిరి. సామాన్యముగా ఇల్లు చేతులు మారిన వేళ గోడలు, తలుపులు లెక్కింతురుగాని ఆ ఇంట పనిచేసినవాని పాత బాకీని ఎవ్వరును లెక్కింపరు. ఇచట శాసనమే ఆ బాకీని లెక్కించి క్రొత్త యజమాని మెడకు కట్టినది. మరిపెడ తాత ప్రశ్నకు దేశము ఇచ్చిన తొలి సమాధానము ఇదియని మేము భావించుచున్నాము: కంపెనీ పోయినను హక్కు పోరాదు.

ఆనాటి నుండి ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు 1925 నాటి చట్టము క్రిందనే భవిష్యనిధి కలిగియుండిరి. ఉద్యోగి నూటికి పది, సంస్థ నూటికి పది. దశబంధము లెక్కయే! కాని ఆ పద్ధతిలో ఒక కొరత యుండెను. నిధి కలదుగాని శాసనబద్ధమైన పింఛను లేదు. మరణించినవాని కుటుంబమునకు శాసనబద్ధమైన బీమా లేదు. పింఛను కోరినవారు తమ వేతనమునుండి తామే చెల్లించుకొను ఏర్పాటొకటి ఉండెను. ఇంతలో బయటి కార్మికుల చట్టము పెరిగి పెద్దదైనది. 1971లో కుటుంబ పింఛను, 1976లో నిధితో ముడిపడిన బీమా, 1995 నవంబరు 16న ఉద్యోగుల పింఛను పథకము దానికి చేరినవి. 1997లో చందా నూటికి పన్నెండైనది. అనగా 1952లో చోదకుని వెలుపల నుంచిన చట్టమే క్రమముగా అతని ప్రత్యేక ఏర్పాటును మించినదయ్యెను.

2007లో రెండు సంస్థలు ఏకమైనవి. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి మరలి వచ్చినది. 1945లో నిజాముతో కలిసి బేగంపేటలో విమానములు నడిపించిన ఆ టాటాలే. ఆ అమ్మకమునకు ముందుగా 2021 డిసెంబరు 1వ తేదీ నుండి సంస్థ తన ఉద్యోగులను 1952 చట్టపు పరిధిలోనికి తెచ్చినది. ఆ డిసెంబరు మాసమునకు దాదాపు 7,453 మంది పేర చందాలు జమయైనట్లు ప్రభుత్వము ప్రకటించినది. యజమాని వంతు పది నుండి పన్నెండుకు పెరిగినది. ఉద్యోగి మరణించినచో రెండున్నర లక్షల నుండి ఏడు లక్షల రూపాయల వరకు బీమా సమకూరినది. డెబ్బది సంవత్సరముల పిదప విమానచోదకుడును, మిల్లు కార్మికుడును ఒకే చెరువు క్రింది ఆయకట్టుదారులైరి.

ఇప్పుడు కొంచెము సముద్రము దాటి చూతము. ఉద్యోగికి వార్ధక్యమున యజమాని చేయు వాగ్దానములు రెండు విధములు. "నీకు నెలకు ఇంత ఇచ్చెదము" అనునది మొదటిది. "నీ పేర నెలకు ఇంత వేసెదము" అనునది రెండవది. మొదటిదానిలో పంట ఎట్లున్నను ధాన్యము కొలిచి ఇయ్యవలసిన భారము యజమానిది. రెండవదానిలో విత్తనము యజమానిది, పంట భాగ్యము ఉద్యోగిది. మొదటిది వినుటకు తీయన. కాని ఇచ్చువాడు నిలిచియున్నంతవరకే దానికి విలువ.

ఈ సత్యము అమెరికా చోదకులకు కఠినముగా తెలియవచ్చినది. అచట 1974లో పింఛనుల రక్షణ చట్టము వచ్చి, సంస్థలు కూలినచో పింఛను పూచీ వహించు ప్రభుత్వ బీమా సంస్థ ఏర్పడినది. 2005 మే మాసమున దివాలా న్యాయస్థానము యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పింఛను పథకములను విరమించుటకు అనుమతించినది. లోటు 980 కోట్ల డాలర్లు. అందు బీమా సంస్థ భరించినది 660 కోట్లు. మిగిలినది ఉద్యోగుల నష్టము. ఆ యేడు బీమా సంస్థ ఇయ్యగల గరిష్ఠ పింఛను, 65 ఏండ్లు నిండినవానికి, సంవత్సరమునకు సుమారు 45,600 డాలర్లు. అంతకన్న చిన్న వయస్సున దిగినవానికి తగ్గింపు. కాని ఆనాటి అమెరికా నియమము చోదకుని 60వ యేటనే విమానము దిగుమనుచుండెను! ఒక చట్టము అరువదికి దింపుచుండగా వేరొక చట్టము అరువదియైదు నిండలేదని కోత కోయుచుండెను. రెండింటి నడుమ నలిగినవాడు చోదకుడు. 2007 డిసెంబరులో అమెరికా ఆ వయఃపరిమితిని 65కు పెంచినది. అంతకు ఒక యేడు ముందు, 2006 నవంబరులో, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థయు 65 ఏండ్ల ప్రమాణమును నెలకొల్పియుండెను.

ఆ దెబ్బ పిదప అచటి చోదకులు రెండవ విధపు వాగ్దానమునే ఆశ్రయించిరి. 1978 నాటి ఆదాయపు పన్ను చట్టములోని ఒక ఉపవిభాగపు సంఖ్యను బట్టి దానికి 401కే అను వింత పేరు వచ్చినది. అమెరికాలో మనవారి ఇండ్లలో పీఎఫ్ అను మాటవలె ఈ మాటయు నిత్య వ్యవహారమున కలదు. పెద్ద విమాన సంస్థల ఇటీవలి ఒప్పందములలో చోదకుని వేతనమునకు నూటికి 16 మొదలు 18 వంతుల వరకు యజమానియే అతని ఖాతాలో వేయుటకు అంగీకరించెను. చోదకుడు తన వంతు వేసినను వేయకున్నను ఈ వంతు తప్పదు. కాని ఆ ఖాతాలో ఒక సంవత్సరమున పడదగిన మొత్తమునకు పన్ను చట్టము హద్దు పెట్టినది. 2025కు ఆ హద్దు 70,000 డాలర్లు. పెద్ద వేతనము గల చోదకుని ఖాతా ఈ హద్దును త్వరగా ముట్టును.

మరి మిగులు ఎక్కడకు పోవలెను? మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులను చూచినవారికి సమాధానము చెప్పనక్కరలేదు. ఎగువ చెరువు అలుగు పారిన నీరు దిగువ చెరువు నిండించును. కొన్ని సంస్థల ఒప్పందములలో ఈ మిగులును ఆరోగ్యవ్యయ ప్రతిపూర్తి ఖాతాలోనికి మళ్లించు ఏర్పాటు చేసికొనిరి. ఈ ఖాతా స్వరూపమును అమెరికా పన్నుల శాఖ 2002లో స్పష్టపరచినది. ఇందు యజమాని మాత్రమే సొమ్ము వేయును. ఉద్యోగి తన జీతమునుండి వేయరాదు. వైద్యమునకైన వ్యయమునకు రసీదు చూపినచో ఆ మేరకు తిరిగి చెల్లింతురు. అట్లు చెల్లించినదానిపై పన్ను లేదు. ఈ యేడు వాడని సొమ్మును పైయేటికి నిలువ ఉంచుటకు నియమములు అనుమతించును. కాని వైద్యమునకు తప్ప పెండ్లికిగాని ఇంటికిగాని అది పనికిరాదు. కొలువు విడిచినవానికి ఆ నిలువ ఉండునా ఊడునా అనునది ఆ పథకపు నియమావళి చెప్పవలసినదే. కావున ఆ పత్రమును చదువకుండ ఆ ఖాతాను నమ్ముట తూము ఎక్కడున్నదో చూడకుండ చెరువు క్రింద నారు పోయుటయే.

ఆరోగ్య విషయమున మన దేశము త్రోవ వేరు. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో పండిత నెహ్రూ ఆ పథకమును ప్రారంభించిరి. హైదరాబాదు సనత్‌నగరులోని ఈఎస్ఐ ఆసుపత్రిని ఎరుగని కార్మిక కుటుంబము అరుదు. ఇందు రసీదు, ప్రతిపూర్తి అను తతంగము సామాన్యముగా లేదు; చందా కట్టినవానికి ఆసుపత్రియే చికిత్స చేయును. కాని దీనికిని వేతన పరిమితి కలదు. ఆరంభమున నెలకు 400 రూపాయలు. 2017 జనవరిలో దానిని 21,000 చేసిరి. చోదకుడు మరల వెలుపలివాడే. అతనికి సంస్థ ఇచ్చు వైద్య సౌకర్యమో, సంస్థ కట్టు బీమాయో గతి.

ఇతరులకన్న చోదకునికి ఆరోగ్యము మరియొక విధమున ప్రాణాధారము. గుమాస్తాకు రక్తపుపోటు పెరిగినచో మాత్ర వేసికొని కచేరీకి పోవును. చోదకుడు నియమిత కాలమునకు వైద్యపరీక్షలో ఉత్తీర్ణుడు కానిచో అతని లైసెన్సు నిలిచిపోవును. లైసెన్సు నిలిచిననాడు జీతమునకు మూలము తెగును. కావున ఒకే రోగము అతని ఆదాయమును తగ్గించి వ్యయమును పెంచును. ఇందువలననే ఈ వృత్తిలో లైసెన్సు నష్ట బీమా అను ప్రత్యేక బీమా పుట్టినది. పదవీ విరమణ నిధి, ఆరోగ్య వ్యయము, లైసెన్సు బీమా అను మూడును అతనికి ఒకే మంచపు కోళ్లు. ఒకటి విరిగినను మంచము ఒరుగును.

ఎయిర్ ఇండియా అమ్మకపు వేళ విశ్రాంత ఉద్యోగుల గుండెలలో గుబులు పుట్టించినది ఈ ఆరోగ్య విషయమే. నిధి సొమ్ము చేతికి వచ్చియున్నది. కాని ముసలితనపు చికిత్స ఎవరు చేయింతురు? ఆ వైద్య సౌకర్య భారమును క్రొత్త యజమానిపై వేయక ప్రభుత్వమే వహింపబూనినది. 1953లో హక్కులను శాసనమున వ్రాసినట్లే 2022లోను పాత బాకీని పాత యజమాని గుర్తుంచుకొన్నాడన్నమాట.

అందరి అదృష్టము అట్లుండదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్. పదునొకండు సంవత్సరములలో మన దేశమున మూడు పెద్ద సంస్థలు రెక్కలు ముడిచినవి. ఇందు జెట్ ఎయిర్‌వేస్ వ్యవహారము తాత ప్రశ్నకు న్యాయస్థానము నోట సమాధానము చెప్పించినది. 2019 ఏప్రిల్ 17న ఆ సంస్థ విమానములు నిలిచిపోయినవి. జూన్ 20న దివాలా విచారణ ఆరంభమైనది. సంస్థను తీసికొనవచ్చిన క్రొత్తవారు ఉద్యోగుల బాకీని పూర్తిగా తీర్ప నక్కరలేదనిరి. 2022 అక్టోబరులో అప్పీలు ట్రిబ్యునలు, దివాలా విచారణ ఆరంభ దినమువరకు రావలసిన భవిష్యనిధిని, గ్రాట్యుటీని పూర్తిగా చెల్లింపవలసినదే యని తీర్పు చెప్పినది. 2023 జనవరి 30న సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యము చేసికొనుటకు నిరాకరించినది. కాని క్రొత్తవారు సంస్థను నిలబెట్టలేకపోయిరి. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు దాని మూసివేతకు ఆజ్ఞ ఇచ్చినది.

మూసివేతలో ఏమగును? 2016 నాటి దివాలా స్మృతిలోని 36వ విభాగము ఒక మాట స్పష్టముగా చెప్పినది. భవిష్యనిధి, పింఛను నిధి, గ్రాట్యుటీ నిధులనుండి ఉద్యోగులకు రావలసిన సొమ్ము ఆ కంపెనీ ఆస్తిలోనిది కాదు. దానిని అప్పులవారికి పంచరాదు. 1925 చట్టము ఉద్యోగి అప్పులవానికి అడ్డు కట్టినది. 2016 స్మృతి యజమాని అప్పులవానికి అడ్డు కట్టినది. తొంబదియొక్క సంవత్సరముల అంతరమున కట్ట రెండు వైపుల పూర్తియైనది. అయినను ఒక సందు మిగిలియున్నది. నిధిలో జమపడిన సొమ్ము క్షేమము. జీతములో కోసి జమకట్టని సొమ్ము కొరకు ఉద్యోగి న్యాయస్థానపు మెట్లు ఎక్కవలసి వచ్చును. గెలుపు వచ్చువరకు సంవత్సరములు గడచును.

కావున క్రొత్తగా కొలువున చేరు యువ చోదకుడు అడిగి తెలిసికొనవలసినవి కొన్ని కలవు. మొదటిది, చందాను ఏ వేతనముపై లెక్కింతురు? చట్టము నిర్బంధించిన వేతన పరిమితిని 2014 సెప్టెంబరులో నెలకు 15,000 రూపాయలు చేసిరి. ఆ లెక్కన నూటికి పన్నెండనిన 1,800 రూపాయలే. మూల వేతనము లక్ష యనుకొందము. దాని మొత్తముపై పన్నెండు వంతులు 12,000. నెలకు భేదము 10,200. ముప్పది యేండ్లకు, వడ్డీ లేకయే, యజమాని వంతులోని భేదమే 36,72,000 రూపాయలు! ఒప్పందములోని ఒక్క పంక్తి వలన కలుగు తేడా ఇది. రెండవది, కోసిన సొమ్ము నెలనెల జమ యగుచున్నదా? 2014 నుండి ప్రతి సభ్యునికి మారని ఖాతా సంఖ్య నిచ్చిరి. కొలువు మారినను అది మారదు. గాదెలో గింజను చూచుకొన్నట్లు నెలకొకమారు దానిని చూచుకొనుట మంచిది. మూడవది, పన్ను. యజమాని నిధులలో వేయు మొత్తము సంవత్సరమునకు ఏడున్నర లక్షలు మించినచో మిగులుపై పన్ను పడునట్లు 2020లో నిర్ణయించిరి. మన చట్టములోను అలుగు ఎత్తు కొలిచి పెట్టిరన్నమాట. నాలుగవది, విరమించిన పిదప వైద్యవ్యయము ఎవరిది, భార్యకు తల్లిదండ్రులకు వర్తించునా, సంస్థ చేతులు మారినచో ఆ మాట నిలుచునా? అయిదవది, లైసెన్సు పోయినచో ఎంత వచ్చును?

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి భవిష్యనిధి, రాజ్య బీమా, గ్రాట్యుటీ మున్నగు శాసనములను ఒక చూరు క్రిందికి చేర్చినది. గ్రంథము ఒకటైనను పైన చెప్పిన ప్రశ్నలు ప్రశ్నలుగనే యుండును. ఏలయనగా చట్టము నిర్ణయించునది కనీసము. ఒప్పందము నిర్ణయించునది మిగిలినది.

నిజాము కాలమున వరంగల్లు ప్రక్కన మామునూరులో విమానాశ్రయము వెలసినది. ఎన్నో యేండ్లుగా అది మూతపడియున్నది. దానిని మరల అభివృద్ధి పరచుటకు 2025 ఫిబ్రవరిలో కేంద్రము అనుమతించినది. మరిపెడ పొలములలో నాట్లు వేయువారు తలయెత్తి చూచిన విమానములను ఇకమీదట వారి మనుమలు, మనుమరాండ్రు నడుపుట వింత కాకపోవచ్చును.

ఆ సాయంకాలము బస్సు వచ్చుటకు ముందుగా మేము ఈ సంగతులలో కొన్నింటిని ఆ తాతతో విన్నవించితిమి. ఆయన ఓపికగా విని, మనుమని వంక తిరిగి, "అయితే కాయితం సదువు బిడ్డా. సంతకం పెట్టకముందే సదువు. సదివి నాకు గూడ జెప్పు" అనెను. యువకుడు సంచిలోనుండి తన నియామక పత్రమును తీసి, ఆ కూడలి దీపము వెలుతురున మొదటి పుట తిప్పెను.